మాత్రలు ఆపి 7 నెలలు, నెలసరి జాడ లేదు, పిల్లల కోసం చూస్తున్నాం. గైనకాలజిస్టు దగ్గరికి ఏం సిద్ధం చేసుకుని వెళ్లాలి?

ఎదురుచూపు

వివరాలు ఇవీ. వయసు 31. గర్భనిరోధక మాత్రలు ఆపి 7 నెలలు. అప్పటి నుంచి ఒక్కసారి కూడా నెలసరి రాలేదు. మాత్రలు మొదలుపెట్టక ముందు 40–50 రోజులకోసారి వచ్చేది. ఎత్తు 158 సెం.మీ., బరువు 71 కిలోలు. గడ్డం కింద వెంట్రుకలు ఉన్నాయి, మొటిమలు తక్కువే. ఇంట్లో చేసుకునే ప్రెగ్నెన్సీ టెస్టు రెండుసార్లు నెగటివ్, రెండోది చేసి ఐదు వారాలైంది. ఫ్యామిలీ డాక్టరు రెండు రక్త పరీక్షలు రాశారు: టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) 3.1, ప్రొలాక్టిన్ (పాలు పడేందుకు తోడ్పడే హార్మోన్) 34. రిపోర్టులో ప్రొలాక్టిన్ గరిష్ఠ హద్దు 25 అని ఉంది. పది రోజుల్లో గైనకాలజిస్టు అపాయింట్‌మెంట్.

అడగాలనుకున్నవి:

1. హార్మోన్ల పరీక్షలు నెలసరి రెండో రోజునో మూడో రోజునో చేయాలంటున్నారు. నెలసరే రానివాళ్లకు రెండో రోజు ఎక్కడి నుంచి వస్తుంది?

2. నెలసరి తెప్పించే మాత్రలు ముందే వేసుకుని, బ్లీడింగ్ వచ్చాక వెళ్తే టైమ్ కలిసొస్తుందా?

3. ఏడాది ప్రయత్నించాక రమ్మని వెనక్కి పంపేస్తారా?

పాతకేసుషీటు

మూడోదానితో మొదలుపెడతాను, తేలిగ్గా తేలిపోయేది అదే. ఏడాది ఆగమనేది 35 లోపు వయసుండి, నెలసరి సక్రమంగా వచ్చేవాళ్లకు. 35 దాటితే ఆరు నెలలు. నెలసరే రాకపోతే ఆ లెక్క వర్తించదు. అండం విడుదల కావడం లేదని శరీరమే చెబుతుంటే పన్నెండు నెలలు ప్రయత్నించి రుజువు చేయాల్సిన పనేముంది? అంతకుముందు క్రమంగా వచ్చేవాళ్లకు మూడు నెలలు రాకపోయినా, మొదటి నుంచీ ఆలస్యంగా వచ్చేవాళ్లకు ఆరు నెలలు రాకపోయినా కారణం వెతకాలి. మీవి ఏడు నెలలు. ఎవరైనా "ఇంకొంచెం చూద్దాం" అంటే ఈ మాట చెప్పి పరీక్షలు రాయమని అడగండి, మొహమాటపడకండి.

"మాత్రల వల్లే ఇలా అయింది" అని కూడా వింటారు. రోజూ వేసుకునే మాత్రలు ఆపితే మామూలుగా మూడు నెలల్లోపు నెలసరి మళ్లీ మొదలవుతుంది. మాత్రలు వాడినన్నాళ్లూ నెలనెలా వచ్చింది మాత్రల బ్లీడింగే. దాని వెనక మీ పాత 40–50 రోజుల వరస అలాగే దాగి ఉంది, ఇప్పుడు బయటపడింది. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక ఇంజెక్షన్ సంగతి వేరు. అది ఆపాక గర్భధారణ శక్తి తిరిగి రావడానికి చివరి సూది నుంచి సగటున పది నెలలు పట్టవచ్చు.

ఇక రెండో ప్రశ్న. ముందే మాత్రలు వేసుకుని వెళ్లకండి. మూడు కారణాలు.

ఒకటి, గర్భం లేదని ఈరోజుకి మీకు తెలియదు. ఐదు వారాల కిందటి నెగటివ్ ఐదు వారాల కిందటి సంగతే చెబుతుంది. అండం ముందు విడుదలవుతుంది, నెలసరి ఆ తర్వాత రెండు వారాలకు వస్తుంది. అంటే నెలసరి చూడకుండానే గర్భం నిలవవచ్చు. నెలసరి లేకుండా ప్రయత్నిస్తున్నవాళ్లు మూడు నాలుగు వారాలకోసారి ఉదయం మొదటి మూత్రంతో టెస్టు చేసుకోవాలి. మీరు రేపే చేసుకోండి. పాజిటివ్ వచ్చి, పొత్తికడుపులో ఒక పక్క తీవ్రమైన నొప్పి గానీ, కళ్లు తిరిగి పడిపోవడం గానీ ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకూడదు, అత్యవసర విభాగానికే వెళ్లాలి. గర్భం ట్యూబులో నిలిచి ఉండవచ్చు.

రెండు, ఆ మాత్రే ఒక పరీక్ష. మెడ్రాక్సీప్రొజెస్టెరాన్ 10 మి.గ్రా. రోజుకొకటి చొప్పున 5 నుంచి 10 రోజులిచ్చి ఆపుతారు. సాధారణంగా ఆపిన వారంలోపు, కొందరికి రెండు వారాల్లోపు బ్లీడింగ్ వస్తుంది. వస్తే రెండు సంగతులు తెలుస్తాయి: గర్భాశయం లోపలి పొరను పెంచేంత ఈస్ట్రోజెన్ ఒంట్లో ఉంది, రక్తం బయటికి వచ్చే దారిలో అడ్డం లేదు. రాకపోతే ఈస్ట్రోజెన్ బాగా తక్కువగా ఉందనో, గర్భాశయం లోపల గోడలు అతుక్కుపోయాయనో అనుమానించాలి. ముందు రక్తం, స్కానింగ్ అయ్యాక ఈ పరీక్ష పెడితే జవాబు సరిగ్గా అర్థమవుతుంది. మీరు ముందే వేసుకుంటే స్కానింగ్‌లో పొర మందం చూసే అవకాశం పోతుంది. డాక్టరుకు అదొక పెద్ద ఆధారం. ఏడు నెలలు నెలసరి రాకపోయినా పొర 12 మి.మీ. ఉందంటే ఈస్ట్రోజెన్ పని చేస్తూనే ఉంది, దాన్ని ఆపే ప్రొజెస్టెరాన్ లేదు, అంటే అండం విడుదల కావడం లేదు. పొర 3 మి.మీ. ఉంటే కథ పూర్తిగా వేరు.

మూడోదే అసలుది. మాత్రతో వచ్చే బ్లీడింగ్ నెలసరి కాదు. పొర రాలింది, అంతే. అండం పెరగలేదు, విడుదల కాలేదు. ఏళ్ల తరబడి నెలనెలా ఆ మాత్ర వేసుకుంటూ "ఇప్పుడు రెగ్యులర్‌గానే వస్తోంది కదా, గర్భం ఎందుకు రావట్లేదు" అని అడిగేవాళ్లు ఎంతమందో. పైగా నెలలో చివరి సగం ఆ మాత్రలు వేసుకుంటే, ఆ నెల సొంతంగా విడుదల కాబోయే అండాన్ని కూడా అవి ఆపేయవచ్చు. అయితే ఆ మాత్ర దండగ అనడం లేదు. అండం విడుదల కాకుండా ఈస్ట్రోజెన్ ఒక్కటే నెలల తరబడి పొర మీద పనిచేస్తే పొర అడ్డదిడ్డంగా మందమయ్యే ముప్పు ఉంది, అందుకే కనీసం మూడు నెలలకోసారి పొర రాలేలా చూస్తారు. అది గర్భాశయాన్ని కాపాడే వైద్యం. గర్భం కోసం చేసే వైద్యం మరొకటి.

వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, గదిలో కూర్చున్నాక సగం మర్చిపోతారు. మొదటి నెలసరి ఏ వయసులో వచ్చింది. చివరి సొంత నెలసరి తేదీ, మాత్రల బ్లీడింగ్ కాదు. మాత్రల పేరు, ఎన్నేళ్లు వాడారు. గత ఏడాదిలో బరువు ఎంత పెరిగింది, తగ్గింది. రొమ్ముల నుంచి పాలలాంటి ద్రవం వస్తోందా. తలనొప్పి, పక్క చూపు తగ్గడం. వేడి ఆవిర్లు, రాత్రి చెమటలు, యోని పొడిబారడం. ఇంతకుముందు గర్భస్రావం, గర్భాశయం శుభ్రం చేయించుకోవడం, కాన్పులో రక్తం బాగా పోవడం. ఇంట్లో ఎవరికైనా 40 లోపే నెలసరి ఆగిందా. చివరగా, వాడుతున్న ప్రతి మందు. ఈ చివరిది మీ విషయంలో ముఖ్యం, ప్రొలాక్టిన్ 34 అన్నారు కాబట్టి. ల్యాబు వైపు వాళ్లు దాని గురించి నాకంటే బాగా చెబుతారు.

సీరమ్‌ట్యూబు

ల్యాబు వైపు నుంచి.

రెండో రోజు గురించి: నెలసరి రానివాళ్లకు ఏ రోజైనా ఒకటే. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ (అండాశయాన్ని నడిపించే పిట్యూటరీ హార్మోన్లు), ఈస్ట్రడియాల్ (ఒంట్లో ఉండే ముఖ్యమైన ఈస్ట్రోజెన్) మూడూ ఒకే ట్యూబులో, ఒకే పూట తీయించుకోండి. ఎఫ్‌ఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే అర్థం కాదు. పక్కన ఈస్ట్రడియాల్ ఉంటేనే దానికి అర్థం. రెండో రోజు కావాలని కృత్రిమంగా బ్లీడింగ్ తెప్పించి ఆ తర్వాత రక్తం తీయాల్సిన అవసరం లేదు. శాంపిల్ తీసే కుర్రాడు "ఎన్నో రోజు" అని అడిగితే "నెలసరి 7 నెలలుగా లేదు" అని ఫారమ్ మీద రాయమనండి. లేకపోతే ఏదో ఒక అంకె రాసేస్తారు, రిపోర్టులో హద్దులు దాని ప్రకారం తప్పుగా వస్తాయి.

ఒక మెలిక ఉంది. ఏ రోజైనా తీయవచ్చు అన్నప్పుడు, అనుకోకుండా అండం విడుదలయ్యే రోజే తగలవచ్చు. ఆ రోజు ఎల్‌హెచ్ ఒక్కసారిగా ఎగబాకుతుంది, ఎఫ్‌ఎస్‌హెచ్ కూడా కొంత పెరుగుతుంది. అందుకని శాంపిల్ ఇచ్చిన రెండు వారాలకు నెలసరి వచ్చిందంటే ఆ రిపోర్టు చూసి గాభరా పడక్కర్లేదు, డాక్టరుకు ఆ తేదీ చెప్పండి.

ప్రొలాక్టిన్ 34: కొంచెమే ఎక్కువ, మళ్లీ తీయించాలి. ఇది చిన్న కారణాలకే పెరిగే హార్మోన్. నిద్రలో పెరిగి లేచాక తగ్గుతుంది, కాబట్టి లేచిన రెండు మూడు గంటల తర్వాత ఇవ్వాలి. ముందు రోజు రాత్రి నుంచి కలయిక, రొమ్ము పరీక్ష, గట్టి వ్యాయామం వద్దు. ఏమీ తినకుండా వెళ్లి, ల్యాబులో ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుని ఆ తర్వాత ఇవ్వండి. సూది చూస్తే భయపడేవాళ్లకు ఆ భయమే పెంచేస్తుంది.

తర్వాత మందులు. కడుపు ఉబ్బరానికి, వాంతులకు వాడే డొంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, లెవోసల్పిరైడ్ ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. ఎసిడిటీ మందులో డొంపెరిడోన్ గానీ లెవోసల్పిరైడ్ గానీ కలిసి ఉండే క్యాప్సూల్స్ చాలా ఉన్నాయి, వాడేవాళ్లకు "గ్యాస్ మాత్ర" అనే తెలుసు. అట్ట వెనక చిన్న అక్షరాలు చదవండి. రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్ లాంటి మానసిక వైద్యం మందులు కూడా పెంచుతాయి. వీటిని మీ అంతట మీరు ఆపకండి, రాసిన డాక్టరుతో మాట్లాడాకే ఏదైనా.

మళ్లీ తీసినా ఎక్కువే ఉంటే "మాక్రోప్రొలాక్టిన్" చూడమని అడగండి. ప్రొలాక్టిన్ అణువులు యాంటీబాడీలతో ముద్దకట్టి రక్తంలో తిరుగుతుంటాయి. మిషన్ వాటినీ లెక్కేస్తుంది, కానీ శరీరం మీద వాటి ప్రభావం దాదాపు ఉండదు. ఇది తేల్చకుండా తలకు ఎంఆర్‌ఐ దాకా వెళ్లినవాళ్లు ఉన్నారు. అంకె నిజంగానే ఎక్కువని తేలితే, మందులూ థైరాయిడూ కారణం కాదని తేలితే, అప్పుడు మెదడు కింద ఉండి ప్రొలాక్టిన్ తయారుచేసే పిట్యూటరీ గ్రంథికి ఎంఆర్‌ఐ. 200 దాటితే పెద్ద గడ్డ అనుమానం బలపడుతుంది. యూనిట్లు కూడా చూసుకోండి: మీది మి.లీ.కి నానోగ్రాముల్లో ఉంది. కొన్ని ల్యాబులు లీటరుకు మిల్లీ యూనిట్లలో ఇస్తాయి, అది దాదాపు 21 రెట్లు. అంటే మీ 34 అక్కడ సుమారు 720 అని కనిపిస్తుంది. పక్కింటివాళ్ల రిపోర్టుతో పోల్చి కంగారు పడేది ఇక్కడే.

జుట్టు కోసం బయోటిన్ వాడుతుంటే రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపండి. కొన్ని మిషన్ల మీద టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగానూ, థైరాయిడ్ హార్మోన్లు ఉన్నదానికంటే ఎక్కువగానూ వస్తాయి.

గడ్డం కింద వెంట్రుకలన్నారు కాబట్టి టోటల్ టెస్టోస్టెరాన్, దాంతోపాటు ఉదయం పూట 17-హైడ్రాక్సీప్రొజెస్టెరాన్ కూడా రాస్తారు. రెండోది అడ్రినల్ గ్రంథిలో పుట్టుకతో వచ్చే లోపాన్ని పక్కన పెట్టడానికి, అది అచ్చం పీసీఓఎస్ (అండం సరిగా విడుదల కాక, మగ హార్మోన్లు పెరిగే సమస్య) లాగే కనిపిస్తుంది. మాత్రలు వాడుతుండగా టెస్టోస్టెరాన్ చూస్తే తప్పుగా తక్కువ వస్తుంది, ఆపి మూడు నెలలు దాటాలి. మీకు దాటింది.

ఎదురుచూపు

చాలా ఉపయోగపడింది. టెస్టు ఈ ఉదయం చేశాను, నెగటివే. గ్యాస్ మాత్ర అట్ట తీసి చూస్తే డొంపెరిడోన్ ఉంది! నెలలో పది రోజులైనా వాడతాను.

ఇంకో రెండు సందేహాలు. చివరికి పీసీఓఎస్ అని తేలితే లెట్రోజోల్ ఇస్తారని విన్నాను. గూగుల్‌లో చూస్తే అది రొమ్ము క్యాన్సర్ మందు అని ఉంది. ఇంకా, మా ఆయన "ముందు నీది తేలనీ, తర్వాత నాది చూద్దాం" అంటున్నారు. అది సరైన వరసేనా?

పాతకేసుషీటు

ఆ డొంపెరిడోన్ సంగతి అపాయింట్‌మెంట్‌లో మొదటి మాటగా చెప్పండి. అది ఆపవచ్చా, బదులుగా ఏం వాడాలి అని అడిగి, ఆపిన కొన్ని రోజుల తర్వాత ప్రొలాక్టిన్ మళ్లీ తీయించుకోవచ్చు. అయితే మీ కథంతా దాని మీదే తోసేయకండి. 40–50 రోజుల వరస మాత్రల కంటే ముందు నుంచీ ఉంది.

మీ ఆయన చెప్పిన వరస తప్పు. వీర్య పరీక్ష చవక, సూది లేదు, ఒక్క రోజు పని. అది చేయకుండా మీకు ఆరు నెలలు మందులిచ్చి, ఆ తర్వాత కణాల సంఖ్య తక్కువని తేలితే ఆ ఆరు నెలలు ఎవరిస్తారు? రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి, మొత్తం శాంపిల్ డబ్బాలో పట్టాలి. మొదటి చుక్కలు బయట పడితే అదే చెప్పాలి, ఎక్కువ కణాలు ఉండేది అందులోనే. మామూలు కండోమ్, జెల్ వాడకూడదు. ఇంటి నుంచి తీసుకెళ్తే ఒంటికి ఆనించి వెచ్చగా పట్టుకుని గంటలోపు ల్యాబుకు చేర్చాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 హద్దుల ప్రకారం పరిమాణం 1.4 మి.లీ., మి.లీ.కి 1.6 కోట్ల కణాలు, కదలిక 42 శాతం, సరైన ఆకారం 4 శాతం. 4 శాతం అని చూసి చాలామంది హడలిపోతారు, అది మామూలే. ఒక్కటి తక్కువగా వచ్చిందని తీర్పు చెప్పరు, మళ్లీ చేయిస్తారు. కణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి ఆ మధ్యలో గట్టి జ్వరం వచ్చి ఉన్నా అంకె పడిపోతుంది. జిమ్‌లో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లయితే ముందే చెప్పాలి, అవి కణాల తయారీని దాదాపు ఆపేస్తాయి.

లెట్రోజోల్ గురించి మరొకరు రాస్తారేమో చూసి వస్తాను.

పద్దెనిమిది_మిల్లీమీటర్లు

రాస్తాను, రోజూ వచ్చే సందేహం ఇది.

అవును, మెనోపాజ్ దాటినవాళ్లకు రొమ్ము క్యాన్సర్‌లో ఏళ్ల తరబడి రోజూ ఇచ్చే మందే. అండం కోసం ఇచ్చేది నెలకు ఐదు రోజులు. పని చేసే పద్ధతి ఒకటే: ఈస్ట్రోజెన్ తయారీని తాత్కాలికంగా అడ్డుకుంటుంది. ఈస్ట్రోజెన్ తగ్గిందని మెదడుకు తెలిసి, పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్ పెంచుతుంది, దాంతో అండాశయంలో ఒక ఫాలికిల్ (అండం పెరిగే నీటి సంచి) ఎదుగుతుంది. సగం మందు రెండు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది, గర్భం అంటుకునే సమయానికి దాదాపు మిగలదు. కానీ ప్రతి విడతకూ ముందు ప్రెగ్నెన్సీ టెస్టు నెగటివ్ అని చూసుకోవడం తప్పనిసరి.

పీసీఓఎస్‌లో ఇప్పుడు దీన్నే ముందు వాడతారు. 2014లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో 750 మంది పీసీఓఎస్ మహిళల్లో లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి, క్లోమిఫీన్ అనే పాత మందు వాడినవాళ్లలో 19.1 శాతం మందికి బిడ్డ పుట్టింది. గరిష్ఠంగా ఐదు విడతలు. అంటే నూటికి నూరు అనుకోకూడదు, మొదటి నెలే కాలేదని కుంగిపోకూడదు కూడా.

మోతాదు 2.5 మి.గ్రా., బ్లీడింగ్ మూడో రోజు నుంచి ఐదు రోజులు. ఆ మోతాదుకు అండం విడుదల కాకపోతే వచ్చే విడతలో 5, ఆ తర్వాత 7.5. మోతాదు పెంచాల్సింది అండం విడుదల కాకపోతేనే, గర్భం రాకపోతే కాదు. ఈ తేడా పట్టించుకోకపోతే, పనిచేస్తున్న మోతాదును కూడా పెంచేసుకుంటూ పోతారు. బ్లీడింగ్ తెప్పించకుండానే, టెస్టు నెగటివ్ చూసి, పొర సన్నగా ఉంటే మొదలుపెట్టే డాక్టర్లూ ఉన్నారు. అది తప్పేం కాదు.

స్కానింగ్ పదో రోజో పన్నెండో రోజో మొదలవుతుంది. ఫాలికిల్ 18 మి.మీ. దాటాక పగిలేందుకు ఇంజెక్షన్ ఇస్తే, దాదాపు 36 గంటలకు అండం బయటికి వస్తుంది. ఇంజెక్షన్ ఇచ్చిన రోజు, ఆ మర్నాడు, ఆ తర్వాతి రోజు కలిస్తే చాలు. ఇంజెక్షన్ లేకుండా అయితే చివరి మాత్ర వేసుకున్న మూడు నాలుగు రోజుల నుంచి రోజు విడిచి రోజు, రెండు వారాల పాటు. మూడు అంతకంటే ఎక్కువ ఫాలికిల్స్ ఒకేసారి ఎదిగితే ఆ విడత వదులుకోమంటారు, వినండి. ముగ్గురు పిల్లల గర్భం తల్లికీ పిల్లలకూ ప్రమాదం.

ఓవ్యులేషన్ కిట్లు (మూత్రంలో ఎల్‌హెచ్ చూసి అండం విడుదల చెప్పేవి) పీసీఓఎస్‌లో మోసం చేస్తాయి. ఎల్‌హెచ్ ఎప్పుడూ కొంచెం ఎక్కువే ఉంటుంది కాబట్టి రోజూ రెండు గీతలు కనిపిస్తాయి. నెల రోజులు ఆ గీతలు చూసి "నాకు అండం వస్తోంది" అనుకోవడం కంటే ఒక ప్రొజెస్టెరాన్ పరీక్ష మేలు.

ఆ పరీక్ష ఎప్పుడన్నది కూడా చెప్పాలి. రాసిన కాగితం మీద "21వ రోజు" అని ఉంటుంది. అది 28 రోజుల వరస ఉన్నవాళ్ల లెక్క. అసలు ఉద్దేశం అండం విడుదలైన ఏడో రోజున చూడటం. 20వ రోజు అండం విడుదలైతే 27న చేయాలి, 21న చేస్తే లేదని తప్పుగా వస్తుంది. మి.లీ.కి 3 నానోగ్రాములు దాటితే అండం విడుదలైనట్టే.

ఒక్కటి జ్ఞాపకం పెట్టుకోండి. ఫాలికిల్ పగిలేందుకు ఇచ్చే ఇంజెక్షన్‌లో ఉన్నది ప్రెగ్నెన్సీ టెస్టు పట్టుకునే హార్మోనే. ఇంజెక్షన్ అయిన 14 రోజులు కాకముందు టెస్టు చేస్తే సూది మందే రెండో గీతగా కనిపిస్తుంది.

ఖాళీకార్డు

ఇది ఎదురుచూపు గారికి కాదు, ఈ చర్చ చదివి "నాకూ లెట్రోజోల్ ఇవ్వమందాం" అనుకునేవాళ్లకు. నెలసరి రాకపోవడం అంటే పీసీఓఎస్ అని తీసుకోవడం పెద్ద పొరపాటు. దారి వేరయ్యే చోట్లు ఇవీ.

బరువు బాగా తగ్గి, పరుగు లేదా జిమ్ ఎక్కువై, లేదా తిండి బాగా తగ్గి నెలసరి ఆగినవాళ్లకు మెదడే సంకేతం ఆపేస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ఈస్ట్రడియాల్ మూడూ తక్కువ. వీళ్లకు లెట్రోజోల్, క్లోమిఫీన్ సాధారణంగా పని చేయవు, ఎందుకంటే అవి రెండూ ఉన్న ఈస్ట్రోజెన్‌ను ఆధారం చేసుకుని పనిచేస్తాయి. ఇక్కడ మొదటి మందు తిండి పెంచడం, వ్యాయామం తగ్గించడం, బరువు తిరిగి తెచ్చుకోవడం. అప్పటికీ రాకపోతే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ రెండూ ఉండే ఇంజెక్షన్లు. ఆరు నెలలు దాటితే ఎముకల సాంద్రత పరీక్ష అడగండి. స్కానింగ్‌లో చిన్న ఫాలికిల్స్ ఎక్కువ కనిపించి వీళ్లలో కొందరికి పీసీఓఎస్ ముద్ర పడుతుంది, బరువు తగ్గమని సలహా కూడా ఇస్తారు. సన్నటి మనిషికి ఆ సలహా విషం.

40 లోపు వయసులో ఎఫ్‌ఎస్‌హెచ్ 25 దాటి, ఈస్ట్రడియాల్ తక్కువ ఉంటే అండాశయాలు ముందే నీరసిస్తున్నాయని అనుమానం. నాలుగు వారాల తర్వాత మళ్లీ చూసి, క్రోమోజోముల పరీక్ష, ఫ్రాజైల్ ఎక్స్ జన్యు పరీక్ష, థైరాయిడ్, అడ్రినల్ యాంటీబాడీలు రాస్తారు. ఇక్కడ నెలలు వృథా చేయకూడదు. సంతాన సాఫల్య నిపుణుల దగ్గరికి నేరుగా వెళ్లాలి. అప్పుడప్పుడూ సొంతంగా అండం విడుదలై గర్భం వచ్చినవాళ్లు కూడా ఉన్నారు, కానీ దాని మీద ఆధారపడి కూర్చోలేం.

గర్భస్రావం తర్వాతో కాన్పు తర్వాతో గర్భాశయం శుభ్రం చేశాక నెలసరి ఆగిపోతే, హార్మోన్లన్నీ బాగుంటే, గోడలు అతుక్కున్నాయేమో హిస్టెరోస్కోపీతో (గర్భాశయంలోకి సన్నటి కెమెరా పంపి) చూడాలి. నెలనెలా పొత్తికడుపు నొప్పి ఉంటుంది, రక్తం మాత్రం రాదు, ఇది గుర్తు.

గొంతు బొంగురుపోవడం, నెత్తిన జుట్టు పలచబడటం, ముఖం మీద వెంట్రుకలు కొద్ది నెలల్లోనే మీద పడితే అది పీసీఓఎస్ వేగం కాదు. వెంటనే చూపించాలి. తలనొప్పితో చూపు తగ్గినా అంతే.

ఎదురుచూపు

ఖాళీకార్డు గారూ, బరువు మాట వచ్చింది కాబట్టి. నాకు తగ్గమనే అంటారు కదా? షుగరు మందు మెట్‌ఫార్మిన్ కూడా ఇస్తారా? ఫోలిక్ యాసిడ్ ఎప్పటి నుంచి?

ఖాళీకార్డు

మీ లెక్కకు అంటారు. బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) 28 దాటింది. 5 శాతం తగ్గినా అండం సొంతంగా విడుదల కావచ్చు, 71 మీద అది మూడున్నర కిలోలు. కానీ "పది కిలోలు తగ్గి రండి, అప్పుడు చూద్దాం" అంటే మాత్రం మందులతో పాటే తగ్గే ప్రణాళిక అడగండి. 31 ఏళ్లకు అండం విడుదల మొదలుపెట్టడాన్ని ఏడాది వాయిదా వేయాల్సిన పనిలేదు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే లెట్రోజోల్ అంత పని చేయదు. షుగరు హద్దుల్లో లేనప్పుడు దాని వాడకం ఎక్కువ. పీసీఓఎస్ అని తేలితే 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే షుగరు పరీక్ష గర్భానికి ముందే చేయించుకోండి. మెట్‌ఫార్మిన్ ఇస్తే 500 మి.గ్రా. నుంచి భోజనంతో మొదలుపెట్టి, వారం పది రోజులకోసారి పెంచాలి. ఒక్కసారిగా 1,500 వేసుకుంటే విరేచనాలతో మూడో రోజే మానేస్తారు.

ఫోలిక్ యాసిడ్ ఈరోజు నుంచే, రోజుకు 400 మైక్రోగ్రాములు. షుగరు, మూర్ఛ మందులు, ఇంతకుముందు బిడ్డకు వెన్నెముక లోపం, వీటిలో ఏదున్నా 5 మి.గ్రా. డాక్టరు రాస్తారు. రుబెల్లా రక్షణ ఉందో లేదో రక్తంలో చూపించుకోండి. లేకపోతే టీకా వేసి నెల రోజులు గర్భం రాకుండా ఆగాలి. అందుకే అది లెట్రోజోల్ రెండో విడతలో గుర్తు రాకూడదు, ఇప్పుడే తేలిపోవాలి.

సీరమ్‌ట్యూబు

ఒక చిన్న చేర్పు. ల్యాబు ప్యాకేజీలో ఏఎంహెచ్ (అండాల నిల్వను సూచించే హార్మోన్) కూడా కలిపి ఇస్తారు. పీసీఓఎస్‌లో అది ఎక్కువగా వస్తుంది. పెద్దవాళ్లలో స్కానింగ్‌కు బదులుగా దాన్ని చూడవచ్చని 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు అంటున్నాయి. ఏ రోజైనా తీయవచ్చు. కానీ ఎక్కువ ఉంటే గర్భం త్వరగా వస్తుందని గానీ, తక్కువ ఉంటే సొంతంగా రాదని గానీ ఆ అంకె చెప్పదు.

డొంపెరిడోన్ ఆపమని డాక్టరు చెప్పాక రెండో ప్రొలాక్టిన్ ఇచ్చేటప్పుడు, ఆపిన తేదీ, లేచిన సమయం, శాంపిల్ ఇచ్చిన సమయం మూడూ ఫారమ్ మీద రాయించండి. ప్రొలాక్టిన్ అప్పటికి 25 లోపు వస్తే మెదడు స్కాన్ మాట ఇక అక్కడితో ఆగుతుంది.